గండిపేట, శంకర్‌పల్లి, కొల్లూరు: నగరానికి పడమటి సైకిల్ లూప్‌పై సమీక్ష

హైదరాబాద్‌లో వారాంతాల్లో సైకిల్ తొక్కేవారిలో చాలామంది నార్సింగి దగ్గర సోలార్ కప్పు కింది ట్రాక్ ఎక్కి, కొల్లూరు దాకా వెళ్లి, వచ్చిన దారినే తిరిగి వస్తున్నారు. ఆ ట్రాక్ మంచిదే. కానీ దాన్నే ఒక పెద్ద లూప్‌లో చివరి భాగంగా చేసుకోవచ్చు. నార్సింగి నుంచి ముందుగా గండిపేట వైపు వెళ్లి, చెరువు చూసుకుని శంకర్‌పల్లి చేరి, అక్కడి నుంచి కర్ణాటకలోని వాడి జంక్షన్‌కు వెళ్లే రైలు మార్గం వెంట ఉన్న ఊరి రోడ్ల మీద కొండకల్, వెలిమెల దాటి కొల్లూరులో ట్రాక్ ఎక్కితే, నీరు, పొలం, రైలు మూడూ ఒకే ఉదయంలో కంటబడతాయి. ఈ లూప్‌ను రెండు వైపుల నుంచీ తొక్కి చూసిన మీదట, చెరువు ముందు, ట్రాక్ చివర వచ్చేలా వెళ్లడమే సరైనదని గట్టిగా చెప్పగలను. బండి నిలుపుకోవడానికి చోటు ఉంది కదా అని ట్రాక్‌తో మొదలుపెట్టేవారు ఈ దారిలోని మంచినంతా తప్పు వేళలో చూస్తున్నారు.

ఎంచుకునే ఊరి రోడ్లను బట్టి దూరం యాభై, అరవై కిలోమీటర్ల మధ్య వస్తుంది. వారానికి రెండు మూడు సార్లు తొక్కే అలవాటున్న వారికి ఇది మధ్యస్థమైన దారి. నిలువెత్తు ఎక్కుళ్లు ఎక్కడా లేవు గానీ, మొదటి సగం మొత్తం మీద ఎగువకే సాగుతుంది. మూసీ నది అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుకు పారుతూ గండిపేటలో చేరుతుంది కాబట్టి, పడమటికి పోతున్నామంటే ఏటికి ఎదురు పోతున్నట్టే. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఆ ఎగువ దారి పూర్తవుతుంది, అలసట మొదలయ్యే వేళకు నేల మనకు అనుకూలంగా వాలుతుంది. లూప్‌ను ఈ వైపు నుంచి తొక్కాలనడానికి ఇది మొదటి కారణం. సన్న టైర్ల రోడ్ బైక్ కంటే కాస్త వెడల్పు టైర్లున్న హైబ్రిడ్ సైకిల్ ఈ దారికి బాగా నప్పుతుంది. గేర్లు లేని సైకిల్‌తోనూ వెళ్లవచ్చు గానీ, ఖానాపూర్ దాటాక వచ్చే వరుస ఎత్తుపల్లాల్లో మోకాళ్లు నొప్పి పెడతాయి.

తెల్లవారకముందే నార్సింగిలో బయలుదేరాలి. కోకాపేట ఆకాశహర్మ్యాల మధ్య నుంచి వెళ్లే మొదటి కొద్ది కిలోమీటర్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు వెడల్పుగా ఉంటుంది, దీపాలు ఉంటాయి, ఆ వేళకు ట్రాఫిక్ ఉండదు. గండిపేట ఊరు దగ్గరపడుతుండగానే గాలి మారిందని ఒంటికి తెలుస్తుంది. వేసవిలో కూడా చెరువు వైపు నుంచి వచ్చే గాలిలో చల్లదనం ఉంటుంది.

ఉస్మాన్ సాగర్ అన్నది కాగితాల మీది పేరు, జనానికి అది గండిపేట చెరువే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తిన తర్వాత, మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన నదిని ఆపి నిలవ చేయాలన్న ఆయన సలహా మేరకు మూసీ మీద కట్టినది ఇది. 1920లో పూర్తయింది. మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చింది. గండిపేట పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1790 అడుగులు, నిలవ సామర్థ్యం 3.9 టీఎంసీలు. నగరం కంటే ఎత్తున ఉండడం వల్ల నీరు పంపులతో పని లేకుండా వాలున పారుకుంటూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడన్న నానుడి ఆ రోజుల నాటిదే. సైకిల్ మీద వచ్చినవాడికి ఈ ఎత్తుల లెక్క పుస్తక జ్ఞానంగా మిగిలిపోదు, తొక్కుతున్న కాలికి స్వయంగా తెలుస్తుంది.

కట్ట చెరువుకు తూర్పున ఉంది. ఉదయం ఇక్కడ నిలబడితే సూర్యుడు మన వీపు వెనక నుంచి లేస్తాడు, వెలుగు నేరుగా నీటి మీద పడుతుంది, కళ్లకు కొట్టే మెరుపు ఉండదు. దూరాన మొండి చెట్ల మీద రెక్కలు విప్పుకుని ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు, రాతి కట్టడపు అంచున వేళ్లూనిన పిచ్చిమొక్కలు, అన్నీ ఆ వెలుగులో విడివిడిగా కనిపిస్తాయి. లూప్‌ను ఎదురుదిశలో తొక్కి పదిగంటల వేళ ఇక్కడికి చేరితే ఇదే చోటు వెలవెలబోతూ, సెల్ఫీల కోసం వచ్చిన కార్లతో కిక్కిరిసి ఉంటుంది. పక్కనే 2022లో తెరిచిన పార్కు కుటుంబంతో సాయంత్రం గడపడానికి బాగుంటుంది గానీ, సైకిల్ ప్రయాణంలో దానికోసం ఆగాల్సిన అవసరం లేదు. వర్షాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు మాత్రం జనం తొక్కిసలాడుతారు కాబట్టి ఆ రోజుల్లో కట్ట దగ్గర ఆగకుండా సాగిపోవడం మంచిది.

ఇక్కడి నుంచి ఖానాపూర్, జన్వాడ మీదుగా మోకిలా వరకు వెళ్లే శంకర్‌పల్లి రోడ్డు ఈ లూప్‌లోకెల్లా బలహీనమైన భాగం. ఆ మాట దాచకుండా చెప్పాలి. రోడ్డు నునుపుగానే ఉంది గానీ, సైకిల్‌కంటూ అంచున కేటాయించిన జాగా లేదు. తారు ముగిసిన చోట కంకర, దాని పక్కన మట్టి. నిర్మాణాలకు ఇసుక, కంకర తోలే టిప్పర్లు వెనక నుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చినప్పుడు ఆ కంకరలోకి దిగక తప్పదు. ఆదివారం పొద్దున్నే, ఏడు గంటలలోపు ఈ ముక్కను దాటేస్తే ఇబ్బంది చాలా తగ్గుతుంది. ఇదే దారిన తొమ్మిది దాటాక నగరానికి తిరిగి వస్తే, ఎదురెండ ఒకవైపు, ఫామ్‌హౌస్‌లకు వచ్చిపోయే కార్ల వరుస మరోవైపు. ఈ రోడ్డు ముందు రావాలనడానికి రెండో కారణం ఇది. వెనక ఎర్రటి బ్లింకర్ లైటు, మెరిసే జాకెట్, హెల్మెట్ లేకుండా ఇక్కడికి రావద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఈ రోడ్డు మీద ఒక విషయం గమనించదగ్గది. గండిపేట, హిమాయత్ సాగర్ జంట జలాశయాలకు నీరు వచ్చే వాగులను కాపాడడానికి 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చి, వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. 2022లో దాన్ని సడలిస్తూ 69 నంబరు జీవో వచ్చింది. కోకాపేటలో మేఘాలకు తగిలే భవనాలు, గండిపేట దాటగానే హఠాత్తుగా మామిడి తోటలు, పూలు పెంచే పాలీహౌస్‌లు, మళ్లీ మోకిలా దగ్గరికొచ్చేసరికి వరుసగా విల్లాలు. ఆ పాత ఆంక్షల హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పటం చూడకుండానే కళ్లతో గీయవచ్చు. రోడ్డు కింద తూములు వచ్చిన ప్రతిచోటా ఒక చిన్న దిగుడు, వెంటనే ఒక ఎక్కుడు వస్తాయి. ఆ దిగుళ్లన్నీ గండిపేటకు నీరు మోసే వాగులు, వంకలే. వాటిలో కొన్నింటి ఒడ్డున ఇప్పటికే మట్టి పోసి చదును చేసి, రాళ్లు పాతి, ప్లాట్ల రంగు జెండాలు కట్టారు. వాగు పూడితే చెరువుకు నీరెలా వస్తుందన్న ప్రశ్న ఈ దారిన తొక్కే ఎవరికైనా కలుగుతుంది. చెరువును ప్రేమించేవారు ఆ వంకలను కూడా చెరువులో భాగంగానే చూడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మోకిలా దాటాక రోడ్డు మళ్లీ పల్లె రోడ్డవుతుంది. శంకర్‌పల్లి చేరేసరికి ఆకలి వేస్తుంది, లూప్‌లో సగం దాకా అయిపోతుంది, టిఫిన్ బండ్లు పొగలు కక్కుతుంటాయి. ఇక్కడ వెతికి చూడాల్సిన పెద్ద హోటలేమీ లేదు. రైల్వే స్టేషన్ వైపు దారిలో పెనం పెట్టుకున్న బండి దగ్గర నిలబడి తినే వేడి ఇడ్లీ, ఉప్మా దోశ, పల్లీ చట్నీ, ఆపైన ఒక అల్లం చాయ్ ఆ పొద్దుకు పుష్కలం. నూనెలో తేలే పూరీలు, బజ్జీలు తిని మళ్లీ సైకిల్ ఎక్కితే కడుపులో బరువు కొల్లూరు దాకా వదలదు. సీసాల్లో నీళ్లు నింపుకోవాల్సింది ఇక్కడే, ఎందుకంటే తర్వాతి ముక్కలో దుకాణాలు దూరదూరంగా ఉంటాయి. ఓపిక, సమయం ఉన్నవారు చందిప్పలోని శివాలయం చూసి రావచ్చు, అయితే అది లూప్ నుంచి పక్కకు పోవడమే అవుతుంది.

అసలు ఈ సమీక్ష రాయడానికి కారణం శంకర్‌పల్లి నుంచి కొల్లూరు వరకు ఉన్న భాగం. నిజాం ప్రభుత్వ డబ్బుతో వేసిన సికింద్రాబాద్–వాడి రైలు మార్గం 1874లో మొదలైంది. బొంబాయి నుంచి మద్రాసు వెళ్లే ప్రధాన మార్గాన్ని వాడి దగ్గర అందుకోవడం కోసం దాన్ని వేశారు. హైదరాబాద్‌ను బయటి ప్రపంచంతో కలిపిన మొదటి రైలు దారి ఇదే. నగరంలోని పాత ఇళ్లలో పరిచిన షాబాదు బండల గనులు వాడి అవతల ఉన్నాయి, తాండూరు కంది పండే నేల ఈ దారి మీదే ఉంది. కొన్ని దేశాల్లో మూతపడిన రైలు మార్గాల పట్టాలు పీకి సైకిల్ దారులుగా మార్చారు. మన దగ్గర ఇది ఇప్పటికీ ఊపిరి ఉన్న రైలు మార్గం. పట్టాల పక్క రైల్వే జాగాలోకి సైకిల్‌తో వెళ్లడం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. మనం తొక్కేది దానికి కాస్త అటూ ఇటూగా సాగే ఊరి రోడ్ల మీద.

అయినా పాత రైలు దారి లాభమంతా మనకు అందుతుంది. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు, కాబట్టి ఆ మార్గం గుర్తించిన ఇంజనీర్లు ఆ ప్రాంతంలో అన్నిటికన్నా సమంగా ఉన్న నేలను వెతికి పట్టుకున్నారు. ఆ పక్కన సాగే ఊరి రోడ్డుకు కూడా ఆ సమత్వంలో వాటా దక్కింది. శంకర్‌పల్లి రోడ్డు మీద ప్రతి తూము దగ్గరా దిగి ఎక్కిన కాళ్లు ఇక్కడికి వచ్చేసరికి ఒకే గేరులో, ఒకే ఊపున తొక్కుతూ పోతాయి. ఎక్కుడు ఉన్నా అది కంటికి కనబడదు, ఊపిరికి మాత్రమే తెలుస్తుంది. కొత్తగా సైకిల్ నేర్చుకున్న వారికి నిలకడగా తొక్కడం అలవాటు చేయాలంటే నగరం చుట్టుపక్కల ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

రోడ్డుకు ఒకవైపు పత్తి చేలు, మొక్కజొన్న, మధ్యమధ్య ఆకుకూరల మడులు. మరోవైపు తుమ్మ చెట్ల వెనక రైలు కట్ట. గట్ల మీద ఈత చెట్లు, వాటికి వేలాడే కల్లు కుండలు. వానలు పడ్డ తర్వాత కట్ట పక్కన తీసిన పాత మట్టి గుంతల్లో నీరు నిలిచి, అందులో తెల్ల కలువలు పూస్తాయి. కట్ట పోయడానికి ఎప్పుడో తవ్విన గుంతలు అవి. సీతాఫలాల కాలంలో ఊరి మొగదల గంపలు పెట్టుకుని కూర్చున్న అవ్వలు కనిపిస్తారు. కాయను చేతిలోకి తీసుకుని కళ్ల మధ్య గీతలు తెల్లబడ్డాయో లేదో చూసి, “ఇది రేపటికి పండుతది బిడ్డా, ఇది ఇయ్యాలనే తిను” అని విడదీసి ఇచ్చే ఆ నేర్పు సూపర్ మార్కెట్‌లో దొరకదు. రెండు కాయలు జెర్సీ వెనక జేబులో వేసుకోవచ్చు. అంతకంటే ఎక్కువైతే చితికిపోతాయి.

గూడ్సు బండి వచ్చేటప్పుడు ముందుగా తెలిసేది చప్పుడు వల్ల కాదు. సమీపంలోని విద్యుత్ తీగ సన్నగా మోగుతుంది, తుమ్మకొమ్మ మీద వాలిన పిట్టలు లేస్తాయి, ఆ తర్వాత ఇంజను కనిపిస్తుంది. సైకిల్ ఆపి చూస్తే బండి మొత్తం పోయేదాకా నేల చిన్నగా వణుకుతూనే ఉంటుంది. రైలు గేటు వేసి ఉంటే వేచి ఉండాల్సిందే. గేటు కిందుగా సైకిల్ వంచి దూరేవారిని చూస్తే భయం వేస్తుంది. రెండో లైను మీద ఎదురుగా మరో బండి వస్తుండవచ్చని వారికి తోచదు. కొండకల్ దగ్గర 2023లో రైలు పెట్టెలు తయారు చేసే ప్రైవేటు కర్మాగారం మొదలైంది. నూటయాభై ఏళ్ల కిందటి మార్గం పక్కన కొత్త పెట్టెలు తయారవుతున్న ఆ ప్రాంగణాన్ని దాటుతుంటే, ఈ ప్రాంతపు గతం, వర్తమానం రెండూ రైలుకే ముడిపడి ఉన్నాయని అర్థమవుతుంది. కర్మాగారాల షిఫ్టు మారే వేళ మాత్రం బస్సులు, బైకులు ఎక్కువగా ఉంటాయి.

ఈ భాగంలో ఇబ్బందులు లేకపోలేదు. వెలిమెల దగ్గర రోడ్లు చీలే చోట సైకిల్ వారికి దారి చూపే బోర్డు ఒక్కటీ లేదు. ఫోన్‌లో పటం ముందే దించుకోవాలి, లేదా కొల్లూరు దారేదని అడుగుతూ సాగాలి. ఊళ్ల పొలిమేరల్లో కుక్కలు వెంటపడతాయి. వేగం పెంచడం కంటే దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నడిస్తే అవి తగ్గుతాయి. అన్నిటికంటే పెద్ద శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. రోడ్డంచున రాలిన ఎండు కొమ్మ మీద టైరు పడితే పంక్చర్ ఖాయం. ముల్లు లోపలే విరిగి ఉండిపోతే కొత్త ట్యూబ్ వేసినా మళ్లీ పంక్చర్ అవుతుంది కాబట్టి, టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి చూశాకే ట్యూబ్ ఎక్కించాలి. అదనపు ట్యూబ్, గాలి పంపు, టైరు లివర్లు లేకుండా ఈ దారికి రాకూడదు. కార్లు, బైకులు బాగుచేసే షాపులు దొరుకుతాయి గానీ, సన్న వాల్వు ఉన్న సైకిల్ ట్యూబ్‌లో గాలి నింపే సాధనం వారి దగ్గర ఉండదు.

కొల్లూరు చేరేసరికి ఎండ ముదురుతుంది. ఇప్పుడు ఎక్కాలి ఆ సోలార్ ట్రాక్. 2023 అక్టోబరులో తెరిచినప్పుడు ఈ సైకిల్ మార్గం మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు వెళ్లేది ఒక శాఖ, నార్సింగి నుంచి కొల్లూరుకు వచ్చేది 14.5 కిలోమీటర్ల రెండో శాఖ. నాలుగున్నర మీటర్ల వెడల్పు, మూడు వరుసలు, పైన 16 మెగావాట్ల సామర్థ్యమున్న సౌర ఫలకాల కప్పు, రాత్రికి దీపాలు. తెల్లవారుజామున ఆ కప్పు వల్ల ప్రయోజనం ఏముంటుంది? ఆకాశం కనబడకుండా చేయడం తప్ప. తొమ్మిది గంటలకు, నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చిన ఒంటికి అదే కప్పు కింది నీడ కన్నతల్లి ఒడిలా ఉంటుంది. లూప్‌ను ఈ వైపు నుంచి తొక్కాలనడానికి మూడో కారణం, అన్నిటికంటే బలమైన కారణం ఈ నీడే.

ట్రాక్ నేల బాగుంది, మలుపులు సాఫీగా ఉన్నాయి, వాహనాల భయం లేదు. పక్కనే ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద దూసుకుపోయే బండ్ల హోరు మాత్రం చెవులకు ఎడతెగకుండా తగులుతూనే ఉంటుంది. రైలు పక్క ఊరి రోడ్డు నిశ్శబ్దం తర్వాత అది ఇంకా ఎక్కువనిపిస్తుంది. సెలవు రోజుల్లో పిల్లలు, నడకకు వచ్చినవారు మూడు వరుసల్లోనూ ఉంటారు కాబట్టి గంట కొట్టుకుంటూ నెమ్మదిగా పోవాలి. ఇక్కడ వేగం చూపించాలనుకోవడం తగదు.

కాలం సంగతి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ లూప్ హాయిగా ఉంటుంది. చలికాలంలో తూర్పు గాలి తిరుగు దారిలో కాస్త ఎదురు కొట్టినా ఇబ్బంది పెట్టేంత ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి గాలి వెళ్లేటప్పుడు గట్టిగా ఎదురు కొడుతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. పచ్చదనం చూడాలంటే ఆ నెలలే మేలు, కానీ నల్లమట్టి తడిసి టైర్లకు, మడ్‌గార్డులకు మధ్య ఇరుక్కుంటుంది కాబట్టి వాన వెలిసిన మర్నాడు ఊరి రోడ్డును నమ్ముకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిన్నరకల్లా కొల్లూరు చేరలేమనిపిస్తే శంకర్‌పల్లి దాకా పోకుండా గండిపేట నుంచే వెనక్కి తిరగాలి.

అద్దె సైకిల్ తీసుకునేవారికి ఒక మాట. నేను ఒక దుకాణంలో తీసుకున్న సైకిల్‌కు చైను ఎండిపోయి ఉంది, వెనక బ్రేకు సగం మాత్రమే పట్టింది. చెబితే వెంటనే మార్చి ఇచ్చారు. ట్రాక్ మీద అటూ ఇటూ తిరగడానికి ఇచ్చే సైకిళ్లను యాభై కిలోమీటర్లకు తీసుకెళ్తున్నామని ముందే చెప్పాలి, రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి చూడాలి, సీటు ఎత్తు అక్కడే సరిచేయించుకోవాలి. అద్దె గంటల లెక్కన ఉంటే, టిఫిన్‌కు, చెరువు దగ్గర ఆగడానికి, ఒక పంక్చర్‌కు కలిపి నాలుగు నుంచి ఐదు గంటలు పడుతుందని లెక్కవేసుకుని మాట్లాడుకోవడం మేలు. పన్నెండేళ్లలోపు పిల్లలతో వచ్చేవారు శంకర్‌పల్లి రోడ్డును వదిలేసి, కొల్లూరు వరకు ట్రాక్ మీద వెళ్లి, అక్కడి నుంచి వెలిమెల వైపు ఊరి రోడ్డున వీలైనంత దూరం పోయి తిరిగి వస్తే, రైలూ చూసినట్టవుతుంది, పొలాలూ చూసినట్టవుతుంది.